పన్ను తగ్గిస్తానని మాత్రం చెప్పకే

బుజ్జీ,

నువ్వు విశాఖలో కార్పొరేటర్‌గా నిలబడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్పింది అనకూడదు, ఏడ్చింది. దానికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు నేను. నా తర్వాత మనింట్లో ఇంకొకతి! గర్వంగానే ఉంది. భయం అంతకు రెట్టింపు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఓటర్ల జాబితాలో నీ పేరు చూసుకో. ఖర్చుల లెక్క ఏ రోజుది ఆ రోజే రాసుకో. కొండవాలు మెట్లు ఎక్కడానికి మంచి చెప్పులు కొనుక్కో. మధురవాడలో మీ నాన్న నీ పేరు మీద కొన్న ఖాళీ స్థలానికి పన్ను కడుతున్నాడా? బకాయి ఉంటే నామినేషన్ దగ్గరే పేచీ వస్తుంది.

ఇక నీ కరపత్రం. ఇంటి పన్ను సగానికి సగం తగ్గిస్తానని, వార్డులో దొంగతనాలు, గంజాయి లేకుండా చేస్తానని రాసుకున్నావు. ఎవరే నీకు రాసిచ్చింది?

2007లో నేనూ ఇదే మాట చెప్పాను. అప్పుడు మన కార్పొరేషన్‌లో 72 వార్డులే. కంచరపాలెం వైపు ఒక కొండవీధిలో మైకు పట్టుకుని, "ఈ పన్ను అన్యాయం, కట్టొద్దు, గెలిచాక నేను చూసుకుంటాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. గెలిచాను. కౌన్సిల్‌లో రెండుసార్లు లేచి అడిగాను. అంతే, ఫైలు కదల్లేదు. కట్టొద్దన్న మాట వెనక్కి తీసుకుని ఆ వీధికి వెళ్లి చెప్పాలి కదా? సిగ్గేసి వెళ్లలేదు.

మూడేళ్ల తర్వాత ఒక పొద్దున్న చేపలమ్మే ఆవిడ తట్టతోనే మా గుమ్మంలోకి వచ్చింది. రొంటిన దోపుకున్న నోటీసు తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. "అమ్మా, ఇందులో అసలెంత, వడ్డీ ఎంత, చదివి పెట్టు" అంది. చదివాను. "మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాను. పన్నుకని దాచిన డబ్బు నా మాట నమ్మి కూతురి ఓణీల ఫంక్షన్‌కి వాడేసిందట. కుళాయి కట్ చేస్తామని మనుషులు వచ్చి వెళ్లారట. నేను కడతానన్నాను. "నువ్వు కడితే రేపు వీధంతా నీ గుమ్మంలో ఉంటుంది, ఎంతమందికని కడతావు" అని తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. కాళ్ల కడియాలు అమ్మి కట్టిందని తర్వాత తెలిసింది. 2012లో మా పదవీకాలం అయిపోయింది. మళ్లీ ఎన్నికలు పెట్టింది 2021లో. నన్ను ఓడించే అవకాశం కూడా ఆవిడకి దొరకలేదు.

ఇప్పుడు బకాయికి నెలకు 2 శాతం వడ్డీ. వందకు ఏడాదికి 24 రూపాయలు. 2021 నుంచి ఆస్తి విలువ మీద పన్ను వేస్తున్నారు, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్నారు. ఆ చట్టం రాష్ట్రానిది, నీ ఒక్కదాని చేతిలో లేదు. నువ్వు చేయగలిగింది వేరే ఉంది. కొలతలు తప్పు పడిన ఇళ్లకి వెళ్లి టేపు పట్టుకుని కొలిపించు, అర్జీ రాసిపెట్టు. ఏప్రిల్ 30లోపు ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గుతుందని ఇంటింటికీ చెప్పు. దీనికి చప్పట్లు రావులే.

నేరాల సంగతీ అంతే. పోలీసులు నీ కింద పనిచేయరు. వీధి దీపాలు మాత్రం కార్పొరేషన్‌వి. వెలగని స్తంభాల నంబర్లన్నీ నోటు పుస్తకంలో రాసుకుని వెంటపడు. ఫోన్‌లో డబ్బు పోగొట్టుకున్న ముసలాళ్ల చేత వెంటనే 1930కి ఫోన్ చేయించు. గంజాయి అమ్మేవాడి పేరు మాత్రం మైకులో చెప్పావంటే చంపేస్తాను. తెలిస్తే స్టేషన్‌లో చెప్పు, అదీ ఒంటరిగా వెళ్లకు. రాత్రి తొమ్మిది దాటాక ఏ వీధిలో ఉన్నావో నాకు మెసేజ్ పెట్టు. నవ్వకు. మీ అమ్మకి నిద్ర పట్టదని చెబుతున్నాను గానీ, పట్టనిది నాకే.

ఆదివారం రా. ఆ కరపత్రం ఇద్దరం కూర్చుని తిరగరాద్దాం. ప్రచారానికి ఆ కొండవీధికి వెళితే చివరి మెట్టు పక్కన నీలం తలుపు ఇల్లు ఆవిడదే. నా పేరు చెప్పకు, తిడుతుంది. పోనీ చెప్పు. తిట్టినా టీ ఇస్తుంది.

మీ పెద్దమ్మ