కొత్త స్విఫ్ట్ కొన్న మేనకోడలికి

చి. అమ్ములుకి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వాయిస్ మెసేజులన్నీ విన్నాను. ఏ చిన్న చప్పుడొచ్చినా షోరూమ్‌కి పరిగెత్తకు. నువ్వు చెప్పినవాటిలో ముప్పాతిక వంతు ఆ బండి తీరే అంత. పట్టించుకోవాల్సినవి కొన్నే ఉన్నాయి, వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఆ వణుకు సంగతి. 2024 మేలో వచ్చిన ఈ స్విఫ్ట్‌లో ఇంజిన్ మూడు సిలిండర్లది. మీ నాన్న నడిపే పాత స్విఫ్ట్‌లో నాలుగు. అందుకే సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగినప్పుడు నీ బండిలో స్టీరింగ్, సీటు సన్నగా వణుకుతాయి, కదిలితే పోతుంది. నడుస్తున్నప్పుడు కూడా బండి కుదుపులిస్తూ, చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉందనుకో, అది వేరే కథ. ఏదో ఒక సిలిండర్ మండటం లేదన్నమాట. పక్కకి ఆపి, ఇంజిన్ కట్టేసి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చెయ్యి. అలాగే తోలుకుంటూ ఇంటికెళ్తే పొగ పోయే దారిలో దాన్ని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది, అది చాలా ఖరీదైన సామాను.

పొద్దున్నే సైలెన్సర్‌లోంచి నీటి చుక్కలు, తెల్లటి ఆవిరి వస్తే మామూలే. పెట్రోలు మండినప్పుడు నీరు కూడా పుడుతుంది, గొట్టం చల్లగా ఉంటే అది చుక్కలు కడుతుంది. ఏసీ వేసినప్పుడు ముందు భాగం కింద కారే నీళ్లు కూడా మంచివే. ఆ నీళ్లు బయట కారడం మానేసి పక్క సీటు కింద కార్పెట్ తడిస్తే మాత్రం డ్రెయిన్ గొట్టం మూసుకుపోయినట్టు. అనుమానమొస్తే రాత్రి బండి కింద ఒక తెల్ల కాగితం పరిచి చూడు. మరక రంగుగానో జిడ్డుగానో ఉంటే ఫొటో తీసి సర్వీస్‌కి పంపు. వాటర్ వాష్ చేయించిన మర్నాడు మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమనడం డిస్కుల మీద పట్టిన పలచటి తుప్పు వల్ల, అదే అరిగిపోతుంది. కొత్తలో వచ్చే కాలిన వాసన కూడా సైలెన్సర్ మీద, ఇంజిన్ భాగాల మీద ఉండే పూత వేడికి మాడటమే.

ఇక నీ గేరు. అందరూ ఆటోమేటిక్ అంటారు గానీ, నీ బండిలో ఉన్న ఏజీఎస్ (ఆటో గేర్ షిఫ్ట్) అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. ఎడమ కాలు చేసే పని యంత్రం చేస్తుంది, అంతే. లోపల క్లచ్ ప్లేటు ఉంది, అరుగుతుంది కూడా. ఇది బుర్రలో పెట్టుకుంటే సగం ప్రశ్నలు నీకే విడిపోతాయి. గేరు మారేటప్పుడు తల ముందుకి ఊగుతోందన్నావు కదా, ఆ క్షణంలో ఇంజిన్ బండిని లాగడం ఆపుతుంది. నువ్వు యాక్సిలరేటర్ తొక్కే ఉంచితే ఆ వెలితి కుదుపుగా తెలుస్తుంది. గేరు మారబోతోందనిపించినప్పుడు కాలు కొద్దిగా తేలిక చెయ్యి, పూర్తిగా తియ్యకు. ఎప్పుడు మారుతుందో వారం తిరిగేసరికి చెవికే తెలిసిపోతుంది.

జూబ్లీహిల్స్ ఎత్తుల్లో, మాల్ పార్కింగ్ ర్యాంపుల మీద బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తో పట్టి ఉంచుతున్నావని నా అనుమానం. ఆ పని అస్సలు వద్దు. క్లచ్ సగం పట్టి సగం వదిలి రాసుకుంటూ వేడెక్కుతుంది, మాడు వాసన వచ్చేది అప్పుడే. ఆగినంతసేపూ బ్రేకు మీదే కాలుంచు. బ్రేకు వదిలాక హిల్ హోల్డ్ సుమారు రెండు సెకన్లు బండిని పట్టుకుంటుంది, ఆలోపు యాక్సిలరేటర్ అందుకుంటే చాలు. ట్రాఫిక్ జామ్‌లో అంగుళం అంగుళం జరపడం కూడా క్లచ్‌కి చేటే, ముందు కారు పొడవంత ఖాళీ ఏర్పడ్డాక కదులు. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనీ. సిగ్నల్ అర నిమిషం దాటేలా ఉంటే లివర్‌ని ఎన్‌లో, అంటే న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వెయ్యి.

నీ గేరులో పార్కింగ్ అనే పి ఉండదు. పార్క్ చేసేటప్పుడు బ్రేకు తొక్కి ఉంచి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, డి (ముందుకి) గానీ ఆర్ (రివర్స్) గానీ వేసి ఇంజిన్ ఆపెయ్యి. గేరు పడి ఉంటే బండి దొర్లదు. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు బ్రేకు తొక్కి ఎన్‌కి తెచ్చి బటన్ నొక్కాలి. స్టార్ట్ కావట్లేదని నువ్వు కంగారుపడ్డ రెండుసార్లూ లివర్ ఎన్‌లో ఉండి ఉండదు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగడం, ఒక్కోసారి ఆగకపోవడం ఐడిల్ స్టార్ట్ స్టాప్ చేసే పని. బ్యాటరీ చార్జ్ తక్కువున్నా, క్యాబిన్ ఇంకా చల్లబడకపోయినా ఆపదు. చిరాకనిపిస్తే బటన్‌తో తీసెయ్యి, కాకపోతే స్టార్ట్ చేసిన ప్రతిసారీ తియ్యాలి.

మైలేజీ గురించి చాలా బెంగపడ్డావు. లీటరుకి 25.75 కిలోమీటర్లని కంపెనీ చెప్పేది ఏఆర్ఏఐ అనే వాహన పరీక్షా సంస్థ పరీక్షలో వచ్చిన అంకె, రోలర్ల మీద, మన ట్రాఫిక్ లేకుండా. సిటీలో ఏసీతో 14 నుంచి 16 వస్తే బండి బాగున్నట్టే. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉన్నదానికంటే మూడో వంతు తక్కువ, ఆ మేరకు కోత తప్పదు. మీటర్లో కనిపించే అంకెని నమ్మకుండా నువ్వే లెక్కకట్టు. ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మూడొందలో నాలుగొందలో కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో మళ్లీ ఆటో కట్ దాకా కొట్టించు. 408 కిలోమీటర్లకి 24 లీటర్లు పడితే 17. ఒక్కసారి చూసి తేల్చకు, మూడు ట్యాంకుల సగటు చూడు.

రౌండ్ ఫిగర్ కోసం ఆటో కట్ తర్వాత ఇంకొంచెం పొయ్యమనకు. ట్యాంకు పైభాగంలో ఆవిరికని ఖాళీ వదులుతారు. అది నిండితే పెట్రోలు, దాని ఆవిరిని పట్టుకోవడానికి బొగ్గు నింపి పెట్టిన క్యానిస్టర్‌లోకి పోయి దాన్ని పాడు చేస్తుంది. 37 లీటర్ల ట్యాంకులో 40 ఎలా పట్టిందని బంకువాడితో పోట్లాడే ముందు ఈ ఖాళీ సంగతి గుర్తుంచుకో.

మొదటి 1,000 కిలోమీటర్లు ఫుల్ యాక్సిలరేటర్ తొక్కకు. విజయవాడ హైవే ఎక్కినా గంటల తరబడి ఒకే స్పీడులో పోకుండా పెంచుతూ తగ్గిస్తూ పో. మొదటి సర్వీస్ 1,000 కిలోమీటర్లకో నెలకో, ఏది ముందైతే అది. తర్వాత 5,000 లేదా ఆరు నెలలు, 10,000 లేదా ఏడాది. వీటిలో కూలి ఉచితం, ఆయిల్, ఫిల్టర్ మార్చితే డబ్బు కట్టాలి. జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు ఒక్కో లైనూ చదువు. ఇంజిన్ ఫ్లష్, టెఫ్లాన్ కోటింగ్ లాంటివి కనిపిస్తే కొట్టేయించు. నెలల బండికి ఏం ఫ్లష్!

వెనకనుంచి వచ్చే టకటక ఎక్కడిదో కనిపెట్టడానికి ఒక మనిషిని వెనక కూర్చోబెట్టు. గతుకుల్లో నువ్వు నడుపుతుంటే ఆ మనిషి ఒక్కో వస్తువునీ అరచేత్తో నొక్కి పట్టుకోవాలి. చప్పుడు ఆగిన చోటే దొంగ. వాడని సీట్‌బెల్టు లోహపు నాలుక ప్లాస్టిక్‌కి తగలడం, పార్సిల్ ట్రే సరిగ్గా కూర్చోకపోవడం, డిక్కీలో జాకీ వదులవడం, ఎక్కువగా ఈ మూడింట్లో ఒకటి. నంబరు ప్లేటు కూడా ఓసారి తట్టి చూడు.

మీ అమ్మ బండికి పూజ చేయించింది, సంతోషం. బానెట్ మీద పసుపు కుంకుమ ఎండిపోకముందే నీళ్లతో కడిగెయ్యి, పెయింటుకి మరక పడుతుంది. వెనక కెమెరాకి బొట్టు పెడితే రివర్స్‌లో ఏమీ కనపడదు. సీట్ల ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఉంటే ఇవాళే పీకెయ్యి. ముందు సీట్ల పక్క ఎయిర్‌బ్యాగ్ సీటులోంచే వస్తుంది, కొత్త కవర్లు కుట్టించినా ఆ వైపు విడిపోయే కుట్టు ఉన్నవే వేయించు. బంపర్ గార్డు జోలికి పోకు.

కీలో బ్యాటరీ అయిపోతే అందులోని ఇనుప తాళంతో తలుపు తీసి, బ్రేకు తొక్కి, కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే స్టార్ట్ అవుతుంది.

చివరిగా ఇన్సూరెన్స్. మూడేళ్లకి కట్టామని మీ నాన్న ధీమాగా ఉన్నారు. కొత్త కారుకి మూడేళ్లు తప్పనిసరి అన్నది థర్డ్ పార్టీ మాత్రమే. నీ బండికి జరిగే నష్టానికి కట్టింది మామూలుగా ఏడాదికే ఉంటుంది, అది ఎప్పుడు ముగుస్తుందో పాలసీలో ఓన్ డ్యామేజ్ అన్న చోట విడిగా ఉంటుంది. జీరో డెప్‌తో (విడిభాగాల తరుగు కొయ్యకుండా ఇచ్చే కవర్) పాటు ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఇచ్చే కవర్) ఉందో లేదో కూడా చూడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో తెలుసు కదా. టైరులో సగం దాటి నీళ్లుంటే దిగకు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ బటన్ నొక్కనే నొక్కకు. సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా కుదించుకుపోదు, లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కొట్టేసేది కూడా సరిగ్గా అక్కడే. దిగి, తోయించి, టోయింగ్ పిలిపించు.

పాలసీ కాపీ వాట్సాప్‌లో పంపు, చూసి చెప్తాను.

మామయ్య