పెద్దయ్యాక పుట్టే న్యూరాన్లు జ్ఞాపకశక్తికి ఎలా పనికొస్తాయి?

రోజూ విజయవాడ బస్టాండు దగ్గర బండి పెట్టి గుంటూరుకు ఉద్యోగానికి వెళ్ళొచ్చేవాళ్ళకు ఈ తిప్పలు తెలుసు. సాయంత్రం బస్సు దిగి, నిన్న బండి పెట్టిన వరుసలో వెతుకుతుంటాం. మరిచిపోయి కాదు. నిన్నటి జ్ఞాపకం, ఇవాళ్టి జ్ఞాపకం ఒకదానిమీద ఒకటి పడ్డాయి, అంతే.

ఇలా కలిసిపోకుండా చూడటంలోనే, పెద్దయ్యాక మెదడులో పుట్టే కొత్త న్యూరాన్ల (నాడీకణాల) వాటా ఉంది. ఇవి మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని డెంటేట్ గైరస్ అనే భాగంలో పుడతాయి. ఎలుకల్లో చూస్తే, ఈ న్యూరాన్లకు తాము పుట్టిన 4 నుంచి 6 వారాల మధ్య దూకుడు ఎక్కువ. చిన్న సంకేతానికే స్పందిస్తాయి, వీటి కనెక్షన్లు సులువుగా బలపడతాయి. తమాషా ఏమిటంటే, చుట్టూ ఉన్న పాత న్యూరాన్లను అణిచి ఉంచడానికి కూడా ఇవి తోడ్పడతాయి. పెళ్ళిపందిట్లో అందరూ ఒకేసారి మాట్లాడితే ఏమీ వినబడదు, కొందరే మాట్లాడితే ఎవరి మాటో తెలుస్తుంది కదా, అలాగన్నమాట. అప్పుడు ఇవాళ్టి వరుస ఒక గుంపు న్యూరాన్లలో, నిన్నటిది ఇంకో గుంపులో నమోదవుతుంది. ఈ న్యూరాన్ల పుట్టుకను ఆపేస్తే, దగ్గరదగ్గరగా ఉన్న రెండు చోట్ల తేడా పట్టలేక ఎలుకలు తికమకపడ్డాయి. చక్రంలో పరుగెత్తిన ఎలుకల్లో ఈ న్యూరాన్ల పుట్టుక పెరిగింది.

మనుషుల సంగతికొస్తే గొడవే. 2013లో, కణాల వయసు తెలిపే కార్బన్-14 లెక్కతో, ఒక్కోవైపు హిప్పోక్యాంపస్‌లో రోజుకు దాదాపు 700 కొత్త న్యూరాన్లు పుడతాయన్నారు. 2018లో ఒక బృందం పెద్దవాళ్ళలో అసలు కనిపించలేదంది; అదే ఏడాది ఇంకో బృందం ముసలివాళ్ళలోనూ చూశామంది. చనిపోయాక మెదడును ఎంత త్వరగా, ఎలా భద్రపరిచారన్నదాన్నిబట్టి ఈ ఫలితాలు మారిపోతాయి. అందుకే ‘లేవు’ అనేయడం తొందరపాటని నాకనిపిస్తుంది.