ఉప్పుటేరులో కాయకింగ్: పోటు, పాటు చూసుకుని ఎప్పుడు దిగాలి?

విజయవాడలో భవానీ ద్వీపం చుట్టూ కాయకింగ్ బాగా అలవాటైందని, ఈసారి నలుగురూ కలిసి నిజాంపట్నం వైపు ఉప్పుటేర్లలో ఒక పూట తిరగాలనుకుంటున్నారని, పోటు, పాటు టైములు ఇచ్చే టైడ్ టేబుల్ చూసినా ఏ టైముకి దిగాలో తేలడం లేదని రాశారు. మాది గుంటూరు. ఆరేళ్లుగా అటు వెళ్తున్నాను. మొదటిసారి పోటు (సముద్రపు నీరు ఏరులోకి ఎక్కడం), పాటు (అది వెనక్కి దిగిపోవడం) సంగతి తెలియకుండా దిగి చాలా ఇబ్బంది పడ్డాం. ముందు అది చెబుతాను.

మాఘ పౌర్ణమి మర్నాడు నేనూ మా బావా తొమ్మిదిన్నరకు దిగాం. నీళ్లు ఒడ్డుదాకా నిండుగా ఉన్నాయి. తెడ్డు గట్టిగా వేయకపోయినా కాయక్ సముద్రం వైపు సాగిపోతుంటే ఎంత సుఖంగా ఉందో అనుకున్నాం. పదకొండున్నరకు వెనక్కి తిప్పాక తెలిసింది. పక్కనే వంగిన ఒక మడచెట్టు వేరు, దాని మీద గుల్లలు, పైన తడి గీత. పది నిమిషాలు భుజాలు పడిపోయేలా తెడ్డు వేసి తల తిప్పితే అదే వేరు, అవే గుల్లలు. నీళ్లు మాత్రం ఇంకో రెండు మూడు వేళ్లు దిగాయి. ఒడ్డెక్కుదామంటే మోకాలి లోతు బురద. అవతల వల బాగుచేసుకుంటున్న పెద్దాయన కేకేశాడు: "ఇప్పుడెక్కడ పోతారు బాబూ, పాటు లాగేత్తంది. పోటు తిరిగేదాకా ఆ చెట్టుకి కట్టేసుకుని కూకోండి." రెండు సీసాల మంచినీళ్లతో మూడున్నర దాకా ఎండలో అలాగే కూర్చున్నాం.

ప్రకాశం బ్యారేజీ ఎగువన మీరు తిరిగేది కట్టేసిన నీరు. అక్కడ ఎంత దూరం పోయామన్నదే లెక్క. ఉప్పుటేరులో దూరం కన్నా టైము ముఖ్యం. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అందుకే రేపటి పోటు ఇవాళ్టి కన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. దిగేటప్పుడు నీరు ఆరు గంటలూ ఒకే తీరున దిగదు. మొత్తాన్ని 12 వాటాలు అనుకుంటే గంట గంటకీ వరసగా 1, 2, 3, 3, 2, 1. నడిమి రెండు గంటల్లోనే సగం నీరు పోతుంది. మేం వెనక్కి తిరిగింది సరిగ్గా ఆ గంటల్లోనే. మామూలు చేతులకి కాయక్ గంటకు ఐదు కిలోమీటర్లు పోతుంది, ఎదురు నీరే నాలుగున్నర ఉంటే ఇక మిగిలేదేముంది?

ఎత్తు చూసి తేలిగ్గా తీసుకోవద్దు. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు లేచి పడేది సుమారు 1.4 మీటర్లు, అష్టమి రోజుల్లో అర మీటరు. మన వైపూ ఆ కోవలోనే ఉంటుంది. ఆ కాస్త నీరే ఇరుకు ఏరులోంచి పోవాల్సి వచ్చినప్పుడు వడి పుడుతుంది.

అందుకని నేను ముందు పంచాంగం తీస్తాను. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మన తీరంలో పోటు ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో నిండుతుంది. ఆ తర్వాత దిగినవాళ్లకి మధ్యాహ్నం దాకా పెద్ద పాటే. పున్నమి వెళ్లిన ఒకటి రెండు రోజులకి అది ఇంకా జోరు. అష్టమికి లెక్క తిరగబడుతుంది. పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిదికి నీరు అడుగుకి చేరి, అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా పోటు, అదీ చిన్నది. ఏడున్నరకు దిగండి. చివరి పాటుతో నెమ్మదిగా సముద్రం వైపు పోయి, నీరు నిలబడగానే తిరగండి. అలసిపోయినా పోటే మిమ్మల్ని వెనక్కి తెస్తుంది. అష్టమినాడు ప్రయాణమేంటని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. మా అమ్మకి ఈ లెక్కంతా కాగితం మీద గీసి చూపించాను, ఇప్పుడు ఆవిడే తిథి చూసి చెబుతుంది.

టేబుల్‌లో ఉండేది రేవు దగ్గర నీటి ఎత్తు. ఏరు లోపల నీరు తిరగడం దానికన్నా ఆలస్యమవుతుంది. దిగేముందు నీటి అంచున పుల్ల గుచ్చి పావుగంట కూర్చోండి. ఏరు మధ్యలో తేలే మడ ఆకుని చూడండి. అది జోరు తగ్గి, ఉన్నచోటే మెల్లగా గుండ్రంగా తిరిగి, తర్వాత ఊరివైపు కదులుతుంది. నాకు టేబుల్ కన్నా ఆ ఆకు మీదే నమ్మకం.

మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాకా మాత్రం వెళ్లొద్దు. బయటికి పోయే పాటుకి ఎదురుగా సముద్రపు అల వస్తే అది కురచగా, నిట్టనిలువుగా లేస్తుంది. ఇసుక మేటల మీద ఇంకా ఘోరం. గాలి, అలల సూచన కోసం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వెబ్‌సైట్ ముందురోజు రాత్రి చూడండి. కృష్ణ పాయల్లో అయితే బ్యారేజీ గేట్లు ఎత్తారేమో కనుక్కోండి. టైడ్ టేబుల్ సూర్యచంద్రుల లెక్కే తప్ప వరద లెక్క కట్టదు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు దిగువన ఏ పోటు లెక్కా పనికిరాదు. కృష్ణా అభయారణ్యం పరిధిలోని మడ అడవుల్లోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి.

తేదీ అనుకున్నాక ఇక్కడే రాయండి, ఆ రోజు టైములు నేనూ ఒకసారి సరిచూసి చెబుతాను.