పరిమళాల పెట్టె: పండు వాసన ఎగిరిపోయి తీపే మిగులుతోందా?

లాంకోమ్ వారి ‘లా వీ ఎ బెల్’ ఒ ద పర్‌ఫం (సెంటు) కొన్నాను. కొట్టుకోగానే పండ్ల వాసన గుప్పుమంటుంది. అరగంటకల్లా అది పోయి పంచదార పాకం వాసనే మిగులుతోంది. నకిలీది అంటగట్టారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

ఆ ఒక్క కారణంతో నకిలీ అనలేం. 2012లో వచ్చిన ఈ సెంటు కూర్పే అలాంటిది. ముందుగా తెలిసే పైపొరలో బ్లాక్‌కరంట్, పియర్ పండ్లు. మధ్యలో ఐరిస్, మల్లె, నారింజ పూవు. చివరిదాకా మిగిలే అడుగుపొరలో ప్రాలిన్ (గింజపప్పుల మిఠాయి), వెనిలా, టోంకా గింజ, పచౌలీ ఆకు. పియర్ లాంటి పండ్ల వాసనకు ఎక్కువగా వాడేవి ఎస్టర్లనే రసాయనాలు. వాటి అణువులు చిన్నవి, ఒంటి వేడికి నిమిషాల్లో ఆవిరైపోతాయి. తీపి వాసనకు మూలమైన వెనిలిన్, పీచు మిఠాయి వాసన ఇచ్చే ఇథైల్ మాల్టాల్ అంత తొందరగా పోవు. ఇక పచౌలీ బట్టకు పట్టిందంటే మర్నాటికీ వదలదు. 1992లో వచ్చిన మ్యూగ్లర్ వారి ‘ఏంజెల్’ సెంటు తీపిని, పచౌలీని ఇలాగే జత చేసింది. ఆ తర్వాత వచ్చిన తీపి సెంట్లు చాలావరకు ఆ దారినే నడిచాయి.

పండు వాసనే ఎక్కువసేపు కావాలంటే పీచ్ ఉన్నవి చూడండి. పీచ్ వాసనకు వాడే లాక్టోన్లనే రసాయనాలు బరువైనవి, నిదానంగా పోతాయి. అసలో నకిలీయో తేలాలంటే షోరూంలో టెస్టర్ ఒక చేతికి, మీది రెండో చేతికి కొట్టి నాలుగైదు గంటల తర్వాత పోల్చండి. మొదటి పది నిమిషాల వాసనను అనుకరించడం తేలిక, అడుగు వాసన దగ్గరే నకిలీలు దొరికిపోతాయి. అట్టపెట్టె మీదా సీసా అడుగునా బ్యాచ్ నంబరు వేరుగా ఉంటే అనుమానించాల్సిందే. ఒకటే ఉన్నంత మాత్రాన అసలుదని కాదు.

మధ్యాహ్నానికే నాకు వాసన తెలియడం లేదు. మళ్లీ కొట్టుకుంటే ఆఫీసులో పక్కసీటు వాళ్లు తలనొప్పి అంటున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సెంటు పోలేదు, మీ ముక్కు దానికి అలవాటుపడింది. మెడ మీద కొడితే వాసన రోజంతా ముక్కు కిందే ఉంటుంది కాబట్టి అలవాటు ఇంకా త్వరగా పడుతుంది. చొక్కా లోపల ఛాతీ మీద ఒకటి, మోచేతి మడతలో ఒకటి కొట్టండి. ఏసీ గదిలో రెండు స్ప్రేలు దాటొద్దు. మే నెల ఎండల్లో ఒక్కటి చాలు, వేడికి తీపి సెంట్లు ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. కొట్టుకున్న ఇరవై నిమిషాలకు క్యాబ్ ఎక్కండి. రెండోసారి కొట్టుకునే ముందు పక్కవాళ్లను అడగండి, మీ ముక్కును నమ్మొద్దు.

చర్మం పొడిబారిన వాళ్లకు మాత్రం నిజంగానే తొందరగా పోతుంది. స్నానం కాగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, ఐదు నిమిషాలు ఆగి, జానెడు దూరం నుంచి కొట్టండి. మణికట్లు రుద్దుకోవద్దు, ఆ వేడికి పండు వాసన ఇంకా ముందే పోతుంది. కొబ్బరినూనె పెట్టిన జడ దగ్గర కొట్టారో, కొబ్బరి లౌజు వాసనే!

పట్టుచీర మీద కొట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

వద్దు. ఆల్కహాల్ పట్టు మీద మరక వేస్తుంది, వెనిలిన్ ఉన్న సెంటు లేతరంగు బట్టను గోధుమరంగుకు తిప్పుతుంది, జరీ నల్లబడొచ్చు. ఒంటికి కొట్టుకుని, పూర్తిగా ఆరాకే చీర కట్టుకోండి. ముత్యాల నగలు ఆ తర్వాతే. చీర మీద పడిందంటే నీళ్లతో రుద్దకుండా డ్రైక్లీనింగుకు ఇచ్చి, సెంటు మరక అని చెప్పండి.

సీసాలో సెంటు రంగు ముదిరింది. పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

వెనిలా ఎక్కువున్న సెంట్లు వెలుతురుకూ గాలికీ ముదురుతాయి, రంగును బట్టి పారేయకండి. కొట్టిన నిమిషం తర్వాత కూడా పుల్లటి, గోళ్లరంగు లాంటి ఘాటు పోకపోతే పాడైనట్టే. బాత్‌రూంలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకుండా అట్టపెట్టెతో సహా బీరువాలో ఉంచండి.