బందీ – బంధీ. గుర్తుపట్టడం – గుర్తించడం

సందేహం: ఒక చరిత్ర వ్యాసంలో “యుద్ధం ముగిశాక బంధీగా చిక్కినవాణ్ణి శత్రు సేనాధిపతిగా గుర్తించారు” అనే వాక్యం చదివాను. ‘బంధీ’ అన్న రూపం సరైనదేనా? ఇక్కడ ‘గుర్తించారు’ అనాలా, ‘గుర్తుపట్టారు’ అనాలా?

సమాధానం: మొదటిదానికి సంశయం అక్కరలేదు. ‘బందీ’ అన్నదే సరైన రూపం. బంధము, బంధనము, బంధించు అనే మాటలలో ఒత్తు ఉన్నది కనుక బందీకి కూడా ఉండాలని ఊహించి ‘బంధీ’ అని రాస్తున్నారు. శత్రువు చేత చిక్కిన మనిషికి సంస్కృత నిఘంటువైన అమరకోశం చెప్పిన పర్యాయపదాలను చూస్తే ఈ ఊహ నిలవదు. “ప్రగ్రహోపగ్రహౌ బంద్యాం, కారా స్యాద్బంధనాలయే” అని ఒకే పంక్తిలో బందీని ఒత్తు లేకుండా, బంధనాలయాన్ని ఒత్తుతో చెప్పిన అమరసింహుడికంటె వేరే సాక్షి ఎందుకు? పారసీకంలోని ‘బంద్’, సంస్కృతంలోని ‘బంధ’ ఒకే మూలానికి చెందినవి. పారసీకంలో ఒత్తు నిలవలేదు. బందోబస్తు, బందిఖానా ఆ దారిలోనే మనకు వచ్చాయి. సంస్కృతంలోని బందీ శబ్దం కూడా అటునుంచే వచ్చిందని అనేవారున్నారు. ఎటునుంచి వచ్చినా ఒత్తుకు మాత్రం చోటు లేదు. నిఘంటువు ఒక్కసారి తెరిస్తే తీరిపోయే ఈ తప్పు అచ్చులో ఇన్నిసార్లు కనబడటం బాధాకరం.

రెండవ ప్రశ్నలో అసలు చిక్కు ఉన్నది. “సేనాధిపతిగా గుర్తించారు” అంటే రెండర్థాలు వస్తాయి. ఇతడే సేనాధిపతి అని తెలుసుకున్నారనేది ఒకటి. ఇతడికి సేనాధిపతి హోదా ఉన్నదని అంగీకరించారనేది రెండవది. ఒక దేశం మరొక దేశపు ప్రభుత్వాన్ని ‘గుర్తించింది’ అనేటప్పుడు మనం వాడేది ఈ రెండవ అర్థమే. పట్టుబడినవాడి విషయంలో ఈ రెండూ కలగలిసిపోతే చరిత్రే తారుమారవుతుంది. 1556 నవంబరు 5న పానిపట్టులో అక్బరు సేనతో పోరాడుతున్న హేము కంటికి బాణం తగిలి అంబారీలో స్పృహ తప్పాడు. ఆ ఏనుగును చుట్టుముట్టిన మొగలు సేనాని షాకులీఖాన్‌కు పైనున్నది ఎవరో తెలియదనీ, అతడు మావటివాణ్ణి చంపి ఏనుగును దక్కించుకోబోగా, మావటి ప్రాణభయంతో తన ప్రభువును చూపించాడనీ అక్బరు ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు. అక్కడ జరిగింది గుర్తుపట్టడం. దానిని ‘హేముగా గుర్తించారు’ అని రాస్తే మావటివాడి వేలు మాయమై ఏదో దర్బారు ప్రకటన వెలువడినట్లుంటుంది. ‘ఇతడే హేము అని గుర్తుపట్టారు’ అంటే వాక్యం తేటపడుతుంది.

యుద్ధభూమిలో సేనానిని గుర్తుపట్టడానికి తెలుగులో ఇంకా చక్కని మాట ఉన్నది. దానికోసం తిక్కనగారి దగ్గరకు వెళ్లాలి. ఉత్తరగోగ్రహణంలో కౌరవసేన కంటబడగానే అర్జునుడు ఉత్తరుడికి ఒక్కొక్క యోధుణ్ణి ధ్వజాన్నిబట్టి చూపిస్తాడు. బంగారు వేదిక కేతనంగా కలవాడు ద్రోణుడు, సింహపు తోక కలవాడు అశ్వత్థామ, బంగారు వృషభం కలవాడు కృపుడు, శంఖం కలవాడు కర్ణుడు, మణులు పొదిగిన సర్పం కలవాడు దుర్యోధనుడు. ఆ సీసపద్యం చివర తాళధ్వజుడైన భీష్ముణ్ణి నిలిపి, “సురనదీసూనుఁ డేర్పడఁ జూచికొనుము” అని ముగిస్తాడు. ఈ ‘ఏర్పడ’ అన్న మాటను గమనించండి. ఏర్పడటమంటే నేడు మనకు పుట్టడం, సమకూడటం మాత్రమే: సంఘం ఏర్పడింది, గుంత ఏర్పడింది. తిక్కనకు అది గుంపులోనుంచి విడిగా, స్పష్టంగా తెలియడం. గింజల్లోనుంచి రాళ్లను ఏరడంలోని ‘ఏరు’ ధాతువే ఇందులోనూ ఉన్నది. వేలమంది నడుమ ఒక్కణ్ణి ఏరి చూడటానికి ఇంతకు మించిన క్రియ ఏముంది? తరువాత సమ్మోహనాస్త్రానికి కౌరవయోధులు మూర్ఛిల్లినప్పుడు, ఎవరెవరి వస్త్రాలు తేవాలో, భీష్ముడి దరికి ఎందుకు పోరాదో అర్జునుడు చెప్పగా ఉత్తరుడు తప్పకుండా చేయగలిగాడంటే, ముందుగా వారిని ఏర్పడ చూసి ఉన్నందువల్లనే. ఈ అర్థాన్ని మనం చేజేతులా పోగొట్టుకున్నాం. నేటి వ్యాసంలో ‘ఏర్పడ చూశారు’ అని రాయమని పట్టుబట్టను గాని, రాసినవారిని తప్పుపట్టకూడదు.

‘గుర్తించు’ను పూర్తిగా నిషేధించలేము. గుర్తు పెట్టడం, గమనించడం అనే అర్థాలలో అది వాడుకలో ఉన్నది. జెనీవాలో 1949లో కుదిరిన మూడవ ఒప్పందం ప్రకారం పట్టుబడిన సైనికుడు పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య చెబితే చాలు. ఆ వివరాలను పత్రాలతో సరిచూసి నిర్ధారించడాన్ని ‘గుర్తించడం’ అంటే ఒప్పుకోవచ్చునేమో. ముఖం చూసి తెలుసుకోవడానికి మాత్రం ‘గుర్తుపట్టడమే’ మేలు.

తక్కిన మాటల సంగతి క్లుప్తంగా చెబుతాను. ‘ఖైదు’ అరబ్బీ నుంచి వచ్చింది. ‘యుద్ధఖైదీ’ స్థిరపడిపోయింది, ఉండనివ్వవచ్చు. ‘చెర’ మన సొంత మాట. తమిళంలో చిఱై, కన్నడంలో సెఱె దీని తోబుట్టువులు. ద్రోణుడు ధర్మరాజును ప్రాణాలతో పట్టిస్తానన్నది ‘జీవగ్రాహం’. ‘పట్టుబడు’, ‘లొంగిపోవు’ ఒకటి కావు: 1971 డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకం చేసిన పాకిస్తాన్ సేనాని నియాజీ పట్టుబడ్డాడని రాయకూడదు.