లాక్ ఓపెరాన్ నాకు అర్థమైంది మా వాచ్‌మన్ తాత వల్ల

బైపీసీ సెకండియర్, బోటనీకి వారమే ఉంది, మాలిక్యులర్ చాప్టర్ చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, పుస్తకం మూస్తే ఏమీ గుర్తుండదు, రివిజన్ ఎలా చేయాలి అని అడిగారు. మీ జబ్బు పేరు మెటీరియల్. నాకూ ఉండేది. ఆ స్పైరల్ బైండింగ్ కట్టని ముందు మంచం కింద పెట్టేయండి. మూడు రంగుల హైలైటర్లు కూడా. పేజీ అంతా పసుపు పూశాక ఇక ఏది ముఖ్యమో ఎవడికి తెలుస్తుంది?

నా సంగతి చెప్తాను. ఆదివారం వీకెండ్ టెస్ట్. శనివారం రాత్రి హాస్టల్ గదిలో లాక్ ఓపెరాన్ (లాక్టోజ్ అనే పాల చక్కెరని వాడుకోవడానికి బ్యాక్టీరియాలో ఉండే జన్యువుల గుంపు) మొత్తం గడగడా అప్పజెప్పాను. ఐ జన్యువు అడ్డుపడే ప్రోటీన్ అయిన రెప్రెసర్‌ని తయారుచేస్తుంది, అది డీఎన్‌ఏ మీద స్విచ్చు లాంటి చోటైన ఆపరేటర్‌కి అతుక్కుంటుంది, లాక్టోజ్ వచ్చి దాన్ని ఊడదీస్తుంది, జడ్, వై, ఏ జన్యువులు పనిలోకి దిగుతాయి. ఒక్క ముక్క తప్పు పోలేదు. మా రూమ్మేట్ పడుకునే అడిగాడు: "సరేరా, లాక్టోజ్ అయిపోయాక?"

నోరు పెగల్లేదు. మెటీరియల్లో ఆ లైను లేదు మరి.

వాడు కిటికీలోంచి కిందికి చూపించాడు. మా గేటు దగ్గర వాచ్‌మన్ తాత నీలం ప్లాస్టిక్ కుర్చీ అడ్డంగా వేసుకుని కూర్చునేవాడు. రాత్రిపూట ఎదురుగా ఉన్న దోసె బండి దగ్గరికి వెళ్లాలంటే ఒకటే ఉపాయం, తాతకి టీ. గ్లాసు చేతికి రాగానే కుర్చీ పక్కకి లాగి, గోడకి ఆనుకుని ఊదుకుంటూ తాగేవాడు. ఆ సందులో మేం బయటికి. టీ అయిపోయిందా, కుర్చీ మళ్లీ గేటుకి అడ్డం.

"తాత రెప్రెసర్, టీ లాక్టోజ్, గేటు ఆపరేటర్. అర్థమైందా?" అన్నాడు. తమాషా ఏంటంటే, బ్యాక్టీరియాలో గేటు తెరుచుకోగానే పుట్టే బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ ఆ లాక్టోజ్‌నే గ్లూకోజ్, గెలాక్టోజ్‌లుగా ముక్కలు చేస్తుంది. అంటే బయటికొచ్చినవాళ్లే తాత టీ తాగేసినట్టు. టీ లేకపోతే తాత తిరిగి కుర్చీలోకి రావాల్సిందే.

ఇంకో మెలిక ఉంది, నీట్ వాళ్లకి ఇష్టమైనది. లాక్టోజ్ కణంలోకి రావాలంటే పెర్మియేజ్ అనే ప్రోటీన్ కావాలి, దాన్ని చేసేది వై జన్యువు. గేటు పూర్తిగా మూసి ఉంటే పెర్మియేజ్ ఎక్కడిది? అందుకే ఈ జన్యువులు ఎప్పుడూ కాస్త కాస్త పనిచేస్తూనే ఉంటాయి. మా గేటు గడియా సరిగ్గా పడేది కాదు, సన్నగా ఉన్నవాడు దూరిపోయేవాడు. తాతకి టీ తేవాలన్నా ఎవడో ఒకడు బయటికి వెళ్లాలి కదా!

మర్నాడు దాని మీద వచ్చిన రెండు ప్రశ్నలూ కొట్టేశాను. కానీ డీఎన్‌ఏ రెండు పోగుల్లో కోడింగ్ స్ట్రాండ్ ఇచ్చి, ప్రోటీన్ తయారీకి వెళ్లే నకలు, అంటే ఎంఆర్‌ఎన్‌ఏ రాయమంటే తెలివితక్కువగా జత అక్షరాలు (ఏకి యూ, జీకి సీ అలా) రాసొచ్చాను. రావాల్సిన నాలుగు పోయి, పైన ఒకటి మైనస్. కోడింగ్ ఇస్తే T (థైమిన్) అక్షరం ఉన్నచోట U (యురాసిల్) పెడితే చాలు. జత అక్షరాలు టెంప్లేట్, అంటే నకలుకి అచ్చుగా పనిచేసే రెండో పోగు, ఇచ్చినప్పుడే, అదీ 3 ప్రైమ్ అనే కొస వైపు నుంచి చదువుతూ. ఇది చదివితే రాదు, చేత్తో రాస్తేనే వస్తుంది. రోజూ తెల్లకాగితం మీద పన్నెండు అక్షరాల డీఎన్‌ఏ మీరే సృష్టించుకుని, రెండో స్ట్రాండ్, ఎంఆర్‌ఎన్‌ఏ, కోడాన్లు (మూడేసి అక్షరాల ముక్కలు) రాయండి. పావుగంట పని. ఛార్గాఫ్ లెక్క (ఎడినిన్ ఎంతో థైమిన్ అంత, గ్వానిన్ ఎంతో సైటోసిన్ అంత) కూడా అంతే. రెండు స్ట్రాండ్ల డీఎన్‌ఏలో ఎడినిన్ 20 శాతమైతే థైమిన్ 20, మిగిలిన 60లో సగం సైటోసిన్.

ఇక సంవత్సరాలు, లక్షణాలని మోసేది డీఎన్‌ఏ అని, అది ఎలా నకలవుతుందో తేల్చిన ప్రయోగాలవి. 1928 గ్రిఫిత్, 1944 ఏవరీ బృందం, 1952 హెర్షీ–ఛేజ్, 1958 మెసెల్సన్–స్టాల్ అని ఎక్కాల్లా బట్టీ పట్టిస్తారు. ఒకడు వదిలేసిన ప్రశ్నని తర్వాతివాడు అందుకున్నాడని ఎవరూ చెప్పరు.

అన్నిటికంటే నాకు కడుపుమంట జన్యు కోడ్‌ని చదివిన శాస్త్రవేత్త హర్ గోవింద్ ఖొరానా విషయంలో. మనవాళ్లు ఆయన్ని '1968 నోబెల్' అని బిట్టు చేసి వదిలేశారు. ఆయన యూసీయూసీయూసీ అని రెండే అక్షరాలు మారిమారి వచ్చే ఆర్‌ఎన్‌ఏ తయారుచేయించాడు. ఒక్కో అమైనో ఆమ్లానికి (ప్రోటీన్‌లోని ఒక్కో పూసకి) కోడ్ రెండేసి అక్షరాలదైతే దాన్నుంచి ఒకే అమైనో ఆమ్లం వరసగా రావాలి. వచ్చింది సీరిన్, ల్యూసిన్, సీరిన్, ల్యూసిన్. యూసీయూ, సీయూసీ అని మూడేసి అక్షరాల కోడ్ అన్నమాట. కాగితం మీద మూడేసి విడగొట్టి చూడండి, ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టినా ఆ రెండే వస్తాయి. రెండు నిమిషాల్లో అర్థమయ్యే ఇంత అందమైన ప్రయోగాన్ని మాకు క్లాసులో ఒక్కరూ బోర్డు మీద వేసి చూపించలేదు. నేను డిగ్రీలో, అదీ నా అంతట నేను లైబ్రరీలో చూసుకున్నాను.