స్క్రీన్ మీద పచ్చలైటు వచ్చినంత మాత్రాన

చిట్టీ,

ఫార్మసీ కౌంటర్లో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత ఆ తెల్లకోటు వేసుకునేది నువ్వేనని ఎంత పొంగిపోయానో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మందుల గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. కానీ ఏ మందులకి డబ్బిస్తారో చెప్పే ఇన్సూరెన్స్ వాళ్ల లిస్టు మన పనిలోకి ఎలా చొరబడుతుందో పుస్తకాల్లో చదివితే తెలియదు.

మందు డబ్బుల కోసం ఇన్సూరెన్స్‌కి పంపిన క్లెయిమ్ రిజెక్టయితే కారణం పూర్తిగా చదువు. ముందస్తు అనుమతి కావాలంటే డాక్టరుకి ఆ రోజే నువ్వే ఫోన్ చెయ్యి. ముందు చవక మందు వాడి చూడాలని మెలిక పెడితే, పేషెంటు ఇదివరకే ఏం వాడారో, ఏది పడలేదో రాసి పంపు. స్టెంట్ వేసుకున్నవాళ్లకి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్, ఇన్సులిన్, ఫిట్స్ మందులు మాత్రం కాగితాల కోసం ఆగలేవు. అనుమతి వచ్చేదాకా ఇంట్లో మందు ఉందా అని అడగకుండా ఎవరినీ పంపకు.

ఇక నా తప్పు. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఉబ్బసం ఉన్న ఒక పెద్దాయన ఏళ్ల తరబడి స్ప్రే ఇన్‌హేలర్ వాడేవారు. ఒక సంవత్సరం ఇన్సూరెన్స్ లిస్టులోంచి దాన్ని తీసేశారు. లిస్టులో ఉన్నది పొడి మందు ఇన్‌హేలర్. డాక్టరు ఒప్పుకుని చీటీ మార్చారు, క్లెయిమ్ పాసయింది, స్క్రీన్ మీద పచ్చలైటు. రెండు రోజులుగా ఫోన్లు చేసి చేసి ఉన్నానేమో, యుద్ధం గెలిచినంత సంబరం. వెనక క్యూ ఉంది. "అదే పనిచేస్తుందండీ, డబ్బా మారిందంతే" అని చేతిలో పెట్టేశాను.

డబ్బా ఒక్కటేనా మారింది? స్ప్రే అయితే నెమ్మదిగా పీల్చాలి. పొడి మందుని ఒక్కసారిగా, గట్టిగా లాగితేనే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆయన అలవాటు కొద్దీ నెమ్మదిగానే పీల్చారు. మూడు వారాలకి ఎమర్జెన్సీలో చేర్చారు. వాళ్లావిడ ఆ ఇన్‌హేలర్ తెచ్చి నా ముందు పెట్టి, "ఇందులో అసలు మందుందా అమ్మా?" అని అడిగింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మందు ఉంది. అది లోపలికి ఎలా వెళ్లాలో చూపించడానికి నాకే రెండు నిమిషాలు లేవు. ఆ రెండు నిమిషాలకి ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు, డబ్బాకే ఇస్తుంది. అలాగని మానేస్తే ఏమవుతుందో చూశావుగా. పెద్దాయన కోలుకున్నారు. నేనింకా పూర్తిగా కోలుకోలేదనుకో.

అందుకే లిస్టు మారి మందు మారిన ప్రతి మనిషినీ కొత్త పేషెంటు అనుకో. వాడి చూపించు, వాళ్ల చేత వాడించి చూడు. నీకు చిన్నప్పటి నుంచీ తొందరెక్కువ, చెప్పులు కూడా తారుమారుగా వేసుకుని పరిగెత్తేదానివి. కౌంటర్లో ఆ పరుగు పనికిరాదు. విసుక్కోకు, నీ మీద కోపంతో అనట్లేదు.

ఇంకొకటి. తన వంతు కట్టాల్సిన డబ్బు ఎంతో విని "తర్వాత వస్తాలెండి" అని వెళ్లేవాళ్లే నాకు ఎక్కువ భయం. వాదించేవాళ్లు ఎలాగోలా మందు తీసుకుంటారు, వీళ్లు తిరిగి రారు. లేదా నెల మందుని నలభై అయిదు రోజులు లాగుతారు. రీఫిల్ తేదీలు చూస్తే తెలిసిపోతుంది. మందు నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన, విరవకూడని మాత్రల్ని కూడా సగం చేసి మింగుతారు తల్లీ! పక్కకి పిలిచి, నలుగురి ముందు కాకుండా, "ఇది భారంగా ఉందాండీ?" అని అడుగు. అదే మందు బ్రాండ్ పేరు లేకుండా చవకగా దొరికే జెనరిక్ ఉందేమో చూడు. ఒక్కోసారి ఇన్సూరెన్స్ లేకుండా కొంటేనే తక్కువ పడుతుంది. అమెరికాలో ఈ మాట పేషెంటుతో చెప్పకుండా ఫార్మసిస్టుల నోరు కట్టేసే ఒప్పందాలు కూడా ఉండేవి, 2018లో చట్టాలు చేసి ఆపారు. నీ నోరెవరూ కట్టలేదు కదా, చెప్పు.

పార్సిల్లో ఒక ఈల పంపుతున్నాను. పొడి ఇన్‌హేలర్‌ని గట్టిగా లాగినట్టు లాగితేనే కూస్తుంది. ఆ పెద్దాయన తర్వాత కొన్నాను. అందరి నోటికీ ఇదే పెట్టకు, ఒక్కొక్కరికి కొత్తది ఇవ్వాలి. ఇది చూపించడానికే. కాస్త రంగు తిరిగింది కానీ ఇంకా కూస్తుంది, నిన్న చూశాను.

మీ పెద్దమ్మ